ఓవరీలో గడ్డ క్యాన్సరా కాదా అని సర్జరీకి ముందే మోడల్ చెప్పగలదా? 0.98 ఏయూసీ వచ్చిందన్న మీ ప్రశ్నకి నా జవాబు

మీరు అడిగినవి మూడు. పబ్లిక్‌గా దొరికే 349 మంది పేషెంట్ల డేటా తీసుకుని ఎక్స్‌జీబూస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ ఆల్గరిథం పెడితే ఏయూసీ (క్యాన్సర్ గడ్డల్నీ మామూలు వాటినీ మోడల్ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే మార్కు, 1 అయితే పూర్తిగా సరి) 0.98 వచ్చింది, ఇంతకన్నా మంచి ఆల్గరిథం ఉందా అన్నది ఒకటి. ఈ మోడల్ నిజంగా ఆస్పత్రిలో పనికొస్తుందా అన్నది రెండు. చిన్న యాప్ చేసి ఆడవాళ్ళే తమ రిపోర్టులో నంబర్లు కొట్టుకుని చూసుకునేలా పెట్టొచ్చా అన్నది మూడు. నేను డాక్టర్ని కాదు, స్టాటిస్టిక్స్ మనిషిని, పదిహేనేళ్ళుగా గైనిక్ ఆంకాలజీ (ఆడవాళ్ళ క్యాన్సర్ల) డాక్టర్ల పక్కన కూర్చుని ఇలాంటి డేటాతోనే పనిచేస్తున్నా, కాబట్టి వైద్యం సంగతి వాళ్ళ దగ్గర నేర్చుకున్నంత వరకే చెప్తా, మోడల్ సంగతి మాత్రం కాస్త గట్టిగానే చెప్తా.

అసలు సర్జరీకి ముందే ఎందుకు తెలియాలి అన్నది ముందు చూద్దాం, ఎందుకంటే మీ మూడు ప్రశ్నలకీ జవాబు అక్కడే ఉంది. గడ్డ కనపడగానే సూదితో కొంచెం ముక్క తీసి బయాప్సీకి పంపేస్తే సరిపోతుంది కదా అని మన కోడింగ్ వాళ్ళు చాలామంది అనుకుంటారు. బ్రెస్ట్‌లో గడ్డకి అలాగే చేస్తారు. ఓవరీకే పరిమితమైనట్టు కనపడే గడ్డకి మామూలుగా అలా చేయరు, అది మొదటి స్టేజ్ క్యాన్సర్ అయితే సూది గుచ్చినప్పుడు లోపలి ద్రవం పొత్తికడుపులోకి కారి క్యాన్సర్ కణాలు చెల్లాచెదురయ్యే ప్రమాదం ఉంది. సర్జరీ చేస్తూ గడ్డ పగలగొట్టినా అదే గొడవ. 2014లో వచ్చిన ఫిగో (గైనకాలజిస్టుల అంతర్జాతీయ సంఘం) స్టేజింగ్‌లో దీనికి విడిగా ఒక గది కేటాయించారు, ఒక ఓవరీలోనే ఉండి పైపొర పగలకుండా బయటికొస్తే 1ఏ, సర్జరీలో పగిలితే 1సీ1. అంటే కత్తి పట్టుకున్న మనిషికి ముందే అనుమానం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఒక ఆడమనిషి స్టేజ్ మారిపోవచ్చు, కీమో అక్కర్లేని మనిషికి కీమో గురించి మాట్లాడుకోవాల్సి రావచ్చు.

ఇటు తప్పు జరిగితే ఇది. అటు తప్పు జరిగితే ఇంకోటి, మామూలు సిస్ట్‌ని క్యాన్సరేమో అని భయపడి పెద్ద కోత కోసి, పిల్లలు కావాలనుకుంటున్న అమ్మాయికి ఓవరీయే తీసేయడం. ఈ రెండిటికీ తోడు అసలు సర్జరీయే చేయకుండా కొన్నాళ్ళు గమనించడం అనే మూడో దారి కూడా ఉంది. ఐయోటా (ఓవరీ గడ్డల స్కాన్ మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన గ్రూపు) వాళ్ళు 2019లో వేసిన స్టడీలో, స్కాన్ చూసి మామూలు గడ్డే అనుకుని సర్జరీ లేకుండా ఫాలోఅప్‌లో పెట్టిన 1919 మంది ఆడవాళ్ళలో రెండేళ్ళలో దాదాపు 20 శాతం మందికి గడ్డ దానంతటదే మాయమైంది, ఇన్వేసివ్ క్యాన్సర్ అని తేలింది 0.4 శాతం మందికి. కాబట్టి మోడల్ ముందున్న ప్రశ్న ఒట్టి అవునా కాదా అన్నది కాదు. ఈ మనిషిని గమనిస్తూ ఉండాలా, మామూలు గైనకాలజిస్టు ల్యాప్రోస్కోపీలో తీసేయొచ్చా, క్యాన్సర్ సర్జరీలో చెయ్యి తిరిగిన వాళ్ళ దగ్గరికి పంపాలా అన్నది. ఈ నిర్ణయం తీసుకోవడానికి డాక్టర్‌కి కావాల్సింది ఒక శాతం, నమ్మదగ్గ శాతం.

ఇప్పుడు మెషీన్ లెర్నింగ్ రాకముందు నుంచే ఈ శాతం కోసం ఏమేం చేశారో చెప్తా, ఇది తెలియకుండా మోడల్ కట్టేవాళ్ళే ఎక్కువ కాబట్టి.

సీఏ-125 అనే ట్యూమర్ మార్కర్ (రక్తంలో కొలిచే గుర్తు) 1980ల మొదట్లో రాబర్ట్ బాస్ట్ గారి టీమ్ పని వల్ల వచ్చింది. 35 దాటితే ఎక్కువ అంటారు. ఓవరీ ఎపిథీలియల్ క్యాన్సర్లలో దాదాపు 80 శాతం మందిలో ఇది పెరుగుతుంది, వినడానికి బాగుంది, కానీ మొదటి స్టేజ్‌లో చూస్తే సగం మందిలోనే పెరుగుతుంది. పైగా ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), ఫైబ్రాయిడ్లు, పొత్తికడుపు ఇన్ఫెక్షన్, ప్రెగ్నెన్సీ, లివర్ సిరోసిస్, కడుపులో టీబీ, ఆఖరికి నెలసరి టైంలో తీసిన రక్తం, వీటన్నిటిలోనూ పెరుగుతుంది. వయసులో ఉన్నవాళ్ళలో ఈ ఒక్క నంబర్ పట్టుకుని భయపడినవాళ్ళని నేను లెక్కలేనంత మందిని చూశాను.

1990లో ఇయాన్ జేకబ్స్ వాళ్ళు ఆర్ఎంఐ (క్యాన్సర్ రిస్క్ సూచిక) అని ఒక లెక్క తెచ్చారు, కాగితం మీద చేసుకోవచ్చు. స్కాన్‌లో కనిపించే అనుమానపు లక్షణాలకి ఒక మార్కు, మెనోపాజ్ అయిందా లేదా అన్నదానికి ఒక మార్కు, ఈ రెండూ సీఏ-125తో గుణించడమే. స్కాన్‌లో గదులు గదులుగా ఉండటం, గట్టి భాగాలు, రెండు పక్కలా ఉండటం, కడుపులో నీరు, వేరేచోటికి పాకిన గుర్తులు, ఈ అయిదిట్లో ఏదీ లేకపోతే 0, ఒకటుంటే 1, రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 3. మెనోపాజ్ కాకపోతే 1, అయిపోతే 3. 200 దాటితే అనుమానం. ఇప్పుడు ఒక 28 ఏళ్ళ అమ్మాయికి రెండు పక్కలా ఎండోమెట్రియోమా (ఎండోమెట్రియోసిస్ వల్ల ఓవరీలో వచ్చే గడ్డ) ఉంది, గదులు గదులుగా ఉంది, సీఏ-125 150 వచ్చింది అనుకోండి, 3 ఇంటు 1 ఇంటు 150, 450. క్యాన్సర్ ఏమీ లేదు, కానీ స్కోరు ఎర్రజెండా ఊపేస్తుంది. ఆర్ఎంఐ చెడ్డదని కాదు, ముప్పై ఏళ్ళకి పైగా వాడుతున్నారు, ఎక్కడ తడబడుతుందో తెలిసి వాడుతున్నారు, అదీ దాని విలువ.

తర్వాత హెచ్ఈ4 అనే ఇంకో మార్కర్ వచ్చింది, ఎండోమెట్రియోసిస్‌లో ఇది పెద్దగా పెరగదు కాబట్టి పైన చెప్పిన అమ్మాయిలాంటి వాళ్ళ దగ్గర పనికొస్తుంది, కానీ కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే పెరుగుతుంది, సిగరెట్ తాగేవాళ్ళలో కూడా కొంత పెరుగుతుంది. సీఏ-125, హెచ్ఈ4, మెనోపాజ్ మూడూ కలిపితే రోమా స్కోరు, లోపల చూస్తే అది మామూలు లాజిస్టిక్ రిగ్రెషనే, అంటే ఒక్కో అంశానికి ఒక బరువిచ్చి కలిపి శాతం తీసే పాత స్టాటిస్టిక్స్ పద్ధతి.

అన్నిటికన్నా గట్టి పని ఐయోటా వాళ్ళది. డర్క్ టిమ్మర్మాన్, లిల్ వాలెంటిన్, టామ్ బోర్న్ 1999లో మొదలుపెట్టారు. వాళ్ళు చేసిన మొదటి పని మోడల్ కాదు, 2000లో స్కాన్‌లో దేన్ని ఏమని పిలవాలో అందరికీ ఒకటే భాష పెట్టడం. గట్టి భాగం అంటే ఏంటి, లోపలికి పొడుచుకొచ్చిన మొటిమల్లాంటివి ఎంత ఎత్తుంటే లెక్కలోకి వస్తాయి, గది అంటే ఏంటి, ఇలాగ. మనవాళ్ళు మోడల్ మీద ఆరు నెలలు, డేటా నిర్వచనాల మీద ఆరు గంటలు పెడతారు, అందుకే ఈ విషయం నొక్కి చెప్తున్నా. ఆ పునాది మీద 2008లో సింపుల్ రూల్స్ వచ్చాయి, మామూలు గడ్డ లక్షణాలు అయిదు, క్యాన్సర్ లక్షణాలు అయిదు, ఒక పక్కవి మాత్రమే కనిపిస్తే జవాబు తేలిపోతుంది, కంప్యూటరే అక్కర్లేదు, దాదాపు నాలుగింట మూడొంతుల గడ్డలకి ఇది సరిపోతుంది. మిగతా వాటికి, అంటే నిజంగా కష్టమైన వాటికి కూడా శాతం ఇచ్చే అడ్నెక్స్ మోడల్ 2014లో వచ్చింది.

అడ్నెక్స్ గురించి మీరు ఒక సాయంత్రం కూర్చుని చదవండి. 10 దేశాల్లో 24 సెంటర్ల నుంచి 5909 మంది ఆడవాళ్ళు. వయసు, సీఏ-125, ఆ ఆస్పత్రి క్యాన్సర్ సెంటరా కాదా, గడ్డ సైజు, అందులో గట్టి భాగం ఎంత వంతు, పదికి మించి గదులున్నాయా, మొటిమల్లాంటివి ఎన్ని, వెనక నీడ పడుతోందా, కడుపులో నీరుందా, మొత్తం తొమ్మిది అంశాలు. బయటికొచ్చేది ఒక్క నంబర్ కాదు, అయిదు శాతాలు: మామూలు గడ్డ, బోర్డర్‌లైన్ (మామూలుకీ క్యాన్సర్‌కీ మధ్య రకం), మొదటి స్టేజ్ క్యాన్సర్, రెండు నుంచి నాలుగో స్టేజ్, వేరేచోట నుంచి ఓవరీకి పాకిన క్యాన్సర్. మామూలు గడ్డకీ క్యాన్సర్‌కీ మధ్య తేడా చెప్పడంలో వాలిడేషన్ (కొత్త పేషెంట్ల మీద పరీక్ష) ఏయూసీ 0.94. సీఏ-125 లేకపోయినా వాడుకునే వెర్షన్ ఉంది. ఇదంతా మల్టినోమియల్ (రెండుకి మించి జవాబులకి శాతాలిచ్చే) లాజిస్టిక్ రిగ్రెషన్‌తో. బ్రిటన్‌లో రాకెట్స్ స్టడీ 2024లో వచ్చింది, మెనోపాజ్ అయిన ఆడవాళ్ళలో అడ్నెక్స్ 10 శాతం కటాఫ్ (దాటితే అనుమానించే గీత) దగ్గర 96 శాతం క్యాన్సర్లని పట్టుకుంది, ఆర్ఎంఐ 250 కటాఫ్ దగ్గర 83 శాతం పట్టుకుంది, దానికి బదులుగా అడ్నెక్స్ మామూలు గడ్డల్ని కూడా ఎక్కువగా అనుమానించింది. అంటే మీ 0.98కి పోటీ ఈ 0.94, కానీ ఆ 0.94 వెనక 24 సెంటర్లున్నాయి.

ఇక మీ డేటా. చైనాలో ఒక యూనివర్సిటీ ఆస్పత్రి వాళ్ళు 2011 నుంచి 2018 దాకా సేకరించి పబ్లిక్‌లో పెట్టారు, 171 మంది క్యాన్సర్, 178 మంది మామూలు గడ్డ, 49 కాలమ్స్. పెట్టినందుకు వాళ్ళకి దండం పెట్టాలి, ఈ ఫీల్డ్‌లో డేటా బయటపెట్టేవాళ్ళు తక్కువ. కానీ ఆ 49లో ఏముందో చూడండి: రక్తకణాల టెస్టులు 19, బయోకెమిస్ట్రీ 22, ట్యూమర్ మార్కర్లు 6, వయసు, మెనోపాజ్. స్కాన్ లేదు! పైన రోమా తప్ప ఆర్ఎంఐ నుంచి అడ్నెక్స్ దాకా ఏది చూసినా బలం చాలావరకు స్కాన్‌లోనే ఉంది, మీ మోడల్‌కి ఆ కన్నే లేదు. మరి 0.98 ఎలా వచ్చింది?

నా అనుమానం చెప్తా, మీరే చెక్ చేసుకోండి. ఫీచర్ ఇంపార్టెన్స్ తీస్తే హెచ్ఈ4, సీఏ-125, వయసు, మెనోపాజ్ వస్తాయి, వాటి కింద ఆల్బుమిన్ తక్కువ, ప్లేట్‌లెట్లు ఎక్కువ లాంటివి వస్తాయి. ఆల్బుమిన్ పడిపోయి ప్లేట్‌లెట్లు పెరిగి ఉన్న మనిషి ఎవరు? చాలాసార్లు కడుపులో నీరు చేరి జబ్బు ముదిరిపోయిన మనిషి. ఆవిడకి మోడల్ అక్కర్లేదు, తలుపు తీసుకుని లోపలికి వస్తుంటేనే డాక్టర్‌కి అర్థమైపోతుంది. మోడల్ అవసరమున్నది మొదటి స్టేజ్ వాళ్ళకి, బోర్డర్‌లైన్ వాళ్ళకి, సీఏ-125 నార్మల్‌గా ఉండి గడ్డ మాత్రం తేడాగా ఉన్నవాళ్ళకి. ముదిరిన కేసులు ఎన్ని ఎక్కువుంటే ఏయూసీ అంత పైకి పోతుంది, అందులో మీ ఆల్గరిథం గొప్పతనం ఏమీ ఉండదు. అందుకే ఎవరైనా నాకు ఇలాంటి పేపర్ పంపితే నేను ముందు వెతికేది మొదటి స్టేజ్ కేసుల్లో సెన్సిటివిటీ (ఉన్న క్యాన్సర్లలో పట్టుకున్న వంతు) ఎంత అని. అది విడిగా రాయకపోతే నాకు ఆ 0.98 మీద ఆసక్తి పోతుంది.

రెండోది మిస్సింగ్ వాల్యూస్, అంటే ఖాళీగా ఉన్న నంబర్లు. మీ డేటాలో సీఏ72-4 అనే ట్యూమర్ మార్కర్ చాలామందికి లేదు కదా. మీరు మీడియన్ (మధ్య విలువ) పెట్టి నింపేశానన్నారు. ఎందుకు లేదో ఆలోచించారా? ట్యూమర్ మార్కర్ టెస్టు డాక్టర్ రాస్తేనే చేస్తారు, అనుమానం ఉంటే ఎక్కువ రాస్తారు, లేకపోతే రాయరు. అంటే టెస్టు ఫలితం కన్నా ఆ టెస్టు చేయించారా లేదా అన్నదే క్యాన్సర్ గురించి సమాచారం మోస్తుంది. ఎక్స్‌జీబూస్ట్ ఖాళీల్ని కూడా చదువుకుంటుంది కాబట్టి నింపకుండా ఇస్తే అది డాక్టర్ అనుమానాన్ని నేర్చుకుని మనకే తిరిగి చెప్తుంది. అందరికీ అన్ని టెస్టులూ చేసే ఇంకో ఆస్పత్రికి వెళ్ళిన రోజు అది కుప్పకూలుతుంది.

నాకే ఇది జరిగింది. చాలా ఏళ్ళ క్రితం ఒక ఆస్పత్రి డేటా మీద కట్టిన మోడల్ అద్భుతంగా పనిచేస్తోందని నెల రోజులు సంబరపడ్డాను, తీరా తవ్వితే ఆ ఆస్పత్రి ల్యాబ్‌లో మధ్యలో మెషీన్ మారింది, మారిన తర్వాత ఏడాదిలో అక్కడ క్యాన్సర్ యూనిట్ తెరిచారు, దాంతో క్యాన్సర్ కేసులు ఎక్కువగా కొత్త మెషీన్ మీదే టెస్టయ్యాయి. మోడల్ నేర్చుకున్నది జబ్బుని కాదు, మెషీన్ని. అది చెప్పడానికి డాక్టర్ ముందు కూర్చున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆవిడ ఆ మోడల్‌ని రెఫరల్స్‌కి వాడదామని అప్పటికే అడుగుతున్నారు. అప్పటి నుంచి ప్రతి కాలమ్‌కీ ఒకటే ప్రశ్న వేస్తాను, ఈ నంబర్ సర్జరీకి ముందు, నిర్ణయం తీసుకునే రోజున, డాక్టర్ టేబుల్ మీద ఉందా? గడ్డ సైజు స్కాన్ నుంచి తీసుకున్నారా, పాథాలజీ రిపోర్ట్ నుంచి ఎక్కించారా? కడుపులో నీరు స్కాన్‌లో కనపడిందా, పొట్ట తెరిచాక కనపడిందా? ఎక్సెల్ షీట్‌లో రెండూ ఒకేలా ఉంటాయి.

దానికి తోడు ఇంపుటేషన్ (ఖాళీలు నింపడం), స్కేలింగ్ (నంబర్లని ఒకే కొలతకి తేవడం), ఫీచర్ సెలెక్షన్ (కాలమ్స్ ఎంచుకోవడం) ఈ మూడూ మొత్తం 349 మంది మీద చేసి ఆ తర్వాత ట్రైన్ (నేర్పడానికి), టెస్ట్ (పరీక్షకి) అని విడగొట్టారని మీరు రాసినదాన్ని బట్టి అనిపిస్తోంది. అది లీకేజ్, టెస్ట్ సెట్ సమాచారం ట్రైనింగ్‌లోకి కారిపోవడం. ప్రతి ఫోల్డ్ (విడగొట్టిన భాగం) ట్రైనింగ్ డేటా లోపలే చేయండి, పైప్‌లైన్‌లో పెట్టండి, నంబర్ కొంచెం పడుతుంది, పడనివ్వండి.

టెస్ట్ సెట్ సైజు కూడా చూడండి. అందులో 55 క్యాన్సర్లున్నాయి, 50 పట్టుకున్నారు అనుకుందాం, సెన్సిటివిటీ 91 శాతం అని పేపర్‌లో రాస్తారు. దానికి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల పరిధి) వేస్తే దాదాపు 80 నుంచి 96 దాకా ఉంటుంది. 80 శాతం మోడల్‌కీ 96 శాతం మోడల్‌కీ మధ్య ఎంతమంది ఆడవాళ్ళున్నారో ఆలోచించండి. ఇంత వెడల్పు గ్యాప్‌లో ఎక్స్‌జీబూస్ట్ 0.98, రాండమ్ ఫారెస్ట్ 0.97, ఎస్‌వీఎం 0.96 అని టేబుల్ వేసి గెలిచినవాళ్ళని ప్రకటించడానికి అర్థం లేదు. ఒక్కసారి విడగొట్టి వదిలేయకుండా రిపీటెడ్ క్రాస్ వాలిడేషన్ (పలుమార్లు వేర్వేరుగా విడగొట్టి పరీక్షించడం) గానీ బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటా నుంచే మళ్ళీ మళ్ళీ శాంపిల్ తీయడం) గానీ చేయండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకే వచ్చాను చూడండి, ఏ ఆల్గరిథం అని. 2019లో క్రిస్టోడౌలూ వాళ్ళు 71 స్టడీలు కలిపి చూశారు, మెడికల్ ప్రిడిక్షన్‌లో జాగ్రత్తగా చేసిన పోలికల్లో మెషీన్ లెర్నింగ్ లాజిస్టిక్ రిగ్రెషన్ కన్నా మెరుగ్గా ఏమీ చేయలేదు. ఓవరీ గడ్డల డేటాలోనూ ఐయోటా వాళ్ళు రకరకాల ఆల్గరిథంలని పక్కపక్కన పెట్టి చూశారు, ఏయూసీలు దాదాపు ఒకటే, కానీ ఒకే పేషెంట్‌కి ఒక మోడల్ ఇచ్చే శాతానికీ ఇంకో మోడల్ ఇచ్చే శాతానికీ మధ్య చాలా తేడా వచ్చింది. నాకు ఈ ఫలితం చాలా ముఖ్యమనిపిస్తుంది. గుంపులో ర్యాంకులు సరిగ్గా పెట్టడం వేరు, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి ఇచ్చే శాతం నిజం కావడం వేరు. మొదటిదే ఏయూసీ కొలుస్తుంది. రెండోదాన్ని క్యాలిబ్రేషన్ అంటారు, మీ పోస్టులో ఆ మాటే లేదు.

ఒక లెక్క చూపిస్తా. మీ డేటాలో క్యాన్సర్ వంతు 49 శాతం. ఇది ఎంచుకున్న డేటా, నిజం క్లినిక్‌లో అలా ఉండదు. మీ మోడల్ ఒకావిడకి 50 శాతం అని చెప్పింది అనుకోండి. అదే ఆవిడ, గడ్డలతో వచ్చేవాళ్ళలో 10 శాతం మందికే క్యాన్సర్ ఉండే క్లినిక్‌లో కూర్చుని ఉంటే, మిగతా అంతా అదే అయినా, ఆడ్స్ (క్యాన్సర్ ఉండే, లేని అవకాశాల నిష్పత్తి) సరిచేసి చూస్తే ఆవిడ అసలు రిస్క్ దాదాపు 10 శాతం. 50 అని వినడానికీ 10 అని వినడానికీ మధ్య తేడా మనిషికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అలాగే సెన్సిటివిటీ 95, స్పెసిఫిసిటీ (మామూలు గడ్డల్ని మామూలే అని సరిగ్గా చెప్పే వంతు) 85 ఉన్న మోడల్ తీసుకోండి. 1000 మందిలో 400 మందికి క్యాన్సర్ ఉండే పెద్ద క్యాన్సర్ సెంటర్‌లో అది 380 మందిని పట్టుకుంటుంది, 90 మందిని అనవసరంగా అనుమానిస్తుంది, ఎర్రజెండా ఊపిన వాళ్ళలో 81 శాతం నిజం. అదే మోడల్ 2000 మందిలో 100 మందికే క్యాన్సర్ ఉండే చోట 95 మందిని పట్టుకుని 285 మందిని అనవసరంగా భయపెడుతుంది, జెండా నిజమయ్యేది 25 శాతమే. మోడల్ మారలేదు, మనుషులు మారారు. అడ్నెక్స్‌లో ఆస్పత్రి రకం ఒక అంశంగా ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

తక్కువున్న క్లాసులో కృత్రిమ పేషెంట్లని పుట్టించే స్మోట్ పద్ధతి వాడదామా అని కూడా మధ్యలో అన్నారు. వద్దు. మీ డేటా ఎలాగూ సగం సగం ఉంది, లేకపోయినా వద్దు, లేని పేషెంట్లని పుట్టించి క్లాసులు సమానం చేస్తే శాతాలన్నీ కావాలని పైకి నెట్టినట్టే. కటాఫ్ మార్చుకోండి చాలు, క్యాన్సర్ వదిలేయడం అనవసరంగా అనుమానించడం కన్నా ఎన్ని రెట్లు చెడ్డదో డాక్టర్‌తో కూర్చుని మాట్లాడితే కటాఫ్ అక్కడి నుంచే వస్తుంది. 10 శాతం కటాఫ్ అంటే ఒక క్యాన్సర్ దొరకడానికి తొమ్మిది మంది మామూలు గడ్డవాళ్ళని పైకి పంపినా ఫర్వాలేదు అని ఒప్పుకున్నట్టు. ఇది గణితంతో తేలేది కాదు. దీన్నే డెసిషన్ కర్వ్‌లో గీసి చూపిస్తారు, మీ పేపర్‌లో ఆర్ఓసీ కర్వ్ (ఏయూసీ లెక్కకట్టే గీత) పక్కన అది పెట్టండి.

బోర్డర్‌లైన్ గడ్డల్ని ఏం చేశారో కూడా రాయండి. చాలా పేపర్లలో వీటిని చప్పుడు లేకుండా తీసేస్తారు, మామూలు వాటినీ స్పష్టమైన క్యాన్సర్‌నీ మాత్రమే ఉంచుతారు, అప్పుడు మోడల్‌కి తెలుపూ నలుపూ విడదీయడమే పని. నిజం జీవితంలో బోర్డర్‌లైన్ గడ్డలు చాలాసార్లు చిన్న వయసు వాళ్ళకి వస్తాయి, అక్కడే ఓవరీ ఉంచాలా తీయాలా అనే చర్చ తీవ్రంగా ఉంటుంది.

ఇంతకీ మెషీన్ లెర్నింగ్‌కి ఇక్కడ చోటు లేదా అంటే ఉంది, గట్టిగానే ఉంది, కానీ టేబుల్ డేటాలో కన్నా బొమ్మల్లో. పైన చెప్పిన ఐయోటా మోడల్స్ అన్నిటికీ ఒక మనిషి స్కాన్ చూసి గట్టి భాగం ఎంత, మొటిమలు ఎన్ని అని చెప్పాలి, అనుభవం ఉన్న కన్నుకీ లేని కన్నుకీ అక్కడే తేడా వస్తుంది, అలాంటి అనుభవం ఉన్నవాళ్ళు అన్నిచోట్లా ఉండరు. 2025లో నేచర్ మెడిసిన్‌లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా వాళ్ళ నాయకత్వంలో ఒక స్టడీ వచ్చింది, 8 దేశాలు, 20 సెంటర్లు, 3652 మంది పేషెంట్లు, 17119 అల్ట్రాసౌండ్ బొమ్మలు, ట్రాన్స్‌ఫార్మర్ రకం ఏఐ మోడల్స్. వాళ్ళు ప్రతిసారీ ఒక సెంటర్‌ని పూర్తిగా పక్కన పెట్టి మిగతా వాటి మీద ట్రైన్ చేసి, చూడని ఆ సెంటర్ మీద టెస్ట్ చేశారు, నాకు బాగా నచ్చింది ఇదే. ఎఫ్1 స్కోరు (క్యాన్సర్లని పట్టుకోవడం, అనవసరంగా అనుమానించకపోవడం రెండూ కలిపి ఇచ్చే మార్కు) మోడల్‌కి 83.5, ఎక్స్‌పర్టులకి 79.5, అంత అనుభవం లేని డాక్టర్లకి 74.1. ఇది వెనక్కి తిరిగి పాత బొమ్మల మీద చేసిన పని, పేషెంట్ల దగ్గర రోజూ వాడి చూసింది కాదు, అయినా చూడని సెంటర్లలో నిలబడింది కాబట్టి నేను దీన్ని సీరియస్‌గా తీసుకుంటాను.

బొమ్మల దారిలోకి మీరు వెళ్తే రెండు గోతులు చూసుకోండి. ఒకే పేషెంట్ బొమ్మలు కొన్ని ట్రైన్‌లో కొన్ని టెస్ట్‌లో పడకూడదు, పేషెంట్ వారీగా విడగొట్టాలి. రెండోది, స్కాన్ చేసేవాళ్ళు కొలతలకి బొమ్మ మీద చిన్న చుక్కల గీతలు పెడతారు, అనుమానమున్న గడ్డకి ఎక్కువ కొలుస్తారు, రక్తప్రసరణ చూసే రంగులు ఎక్కువ ఆన్ చేస్తారు, మోడల్ గడ్డని వదిలేసి ఈ గీతల్ని చదువుకుంటుంది.

మీ 349 మందితో ఇప్పుడు ఏం చేయొచ్చంటే, ముందు సీఏ-125, హెచ్ఈ4, వయసు, మెనోపాజ్ మాత్రమే పెట్టి ఒక లాజిస్టిక్ రిగ్రెషన్ కట్టండి, పెనల్టీతో (బరువులు అతిగా పెరగకుండా అడ్డుకట్టతో). మార్కర్లకి లాగ్ తీసుకోండి, 20 నుంచి 5000 దాకా సాగే నంబర్లవి. సీఏ-125, హెచ్ఈ4, మెనోపాజ్ ఉన్నాయి కాబట్టి రోమా స్కోరు కూడా పక్కన లెక్కకట్టండి, కాకపోతే హెచ్ఈ4 ఏ కంపెనీ కిట్‌తో కొలిచారో చూసుకోవాలి, కటాఫ్‌లు కిట్‌ని బట్టి మారతాయి. ఆ తర్వాత మీ ఎక్స్‌జీబూస్ట్ ఈ రెండిటి కన్నా నిజంగా ఎంత ఎక్కువ ఇస్తోందో, ఇంటర్వల్స్‌తో, క్యాలిబ్రేషన్ ప్లాట్‌తో చూపించండి. తేడా ఏమీ లేకపోతే అలాగే రాయండి, అది కూడా ఫలితమే, నేనైతే అలాంటి పేపర్‌ని సంతోషంగా చదువుతాను. రాసేటప్పుడు ఇలాంటి మోడల్ పేపర్లలో ఏమేం రాయాలో చెప్పే, 2024లో వచ్చిన ట్రైపాడ్ ప్లస్ ఏఐ చెక్‌లిస్టు ముందు పెట్టుకోండి. ఇంకో ఆస్పత్రి డేటా మీద, వీలైతే స్కాన్ వివరాలతో సహా, టెస్ట్ చేసేదాకా ఆస్పత్రిలో వాడకం అన్న మాట ఎత్తకండి, మీ రెండో ప్రశ్నకి నా జవాబు ఇదే.

ఇక యాప్. మీ ఉద్దేశం మంచిదే, మీ ఇంట్లో ఒకరు రిపోర్టు పట్టుకుని రెండు వారాలు నిద్రపోలేదని రాశారు, అందుకే చేయాలనిపించిందని, నాకు అర్థమైంది. అయినా పెట్టొద్దు. మీ మోడల్ చూసినవాళ్ళంతా గడ్డ ఉందని తేలి, సర్జరీ దాకా వచ్చి, పాథాలజీ రిపోర్ట్ ఉన్నవాళ్ళు. యాప్‌లో నంబర్లు కొట్టేవాళ్ళు వాళ్ళు కారు, గడ్డే లేని ఆవిడ హెల్త్ చెకప్‌లో సీఏ-125 48 వచ్చిందని కొడుతుంది. గడ్డ లేనివాళ్ళలో వెతకడం అంటే స్క్రీనింగ్, అది వేరే ప్రశ్న, దానికి జవాబు కూడా ఉంది: బ్రిటన్‌లో 2001 నుంచి 2005 మధ్య రెండు లక్షల మందికి పైగా మెనోపాజ్ అయిన ఆడవాళ్ళని చేర్చుకుని సీఏ-125తోనూ స్కాన్‌తోనూ ఏళ్ళ తరబడి స్క్రీనింగ్ చేశారు, 2021లో తుది ఫలితాలు వచ్చాయి, ఓవరీ క్యాన్సర్ చావులు తగ్గలేదు. అంత పద్ధతిగా చేస్తేనే తగ్గనిది, మన యాప్‌తో భయం తప్ప ఏం వస్తుంది. ఇంకో పక్క మోడల్ 4 శాతం అని చూపించిందని, స్కాన్‌లో గట్టి భాగం ఉన్న ఆవిడ డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మానేసిందనుకోండి, అది నేను ఊహించుకోవడానికి కూడా ఇష్టపడను.

మీ ఇంట్లో ఆవిడ విషయానికొస్తే, సీఏ-125 నంబర్ ఒక్కటే మోడల్‌లో కొట్టి చూడకండి. స్కాన్ రిపోర్ట్‌లో గట్టి భాగాలు, గదులు, మొటిమల్లాంటివి, రక్తప్రసరణ, కడుపులో నీరు గురించి రాశారో లేదో చూడండి. ఒట్టి సిస్ట్ ఉంది, ఇన్ని సెంటీమీటర్లు అని మాత్రమే ఉంటే, ఓవరీ గడ్డలు చూడటంలో అనుభవం ఉన్నవాళ్ళతో మళ్ళీ ఒక ట్రాన్స్‌వజైనల్ స్కాన్ చేయించమని డాక్టర్‌ని అడగండి, అడ్నెక్స్ గానీ ఓ-రాడ్స్ (స్కాన్ చూసి రిస్క్ తరగతి ఇచ్చే పద్ధతి) గానీ స్కోరు రాసి ఇవ్వమనండి. రిస్క్ ఎక్కువని వస్తే సర్జరీ తేదీ తీసుకోకముందే గైనిక్ ఆంకాలజిస్టుకి చూపించండి.

క్యాలిబ్రేషన్ ప్లాట్ వేశాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.